ఆరోగ్యవంతుల వరసలో పిన్ని

మా అమ్మ రక్తం కడుగుతుంది. కొత్తవాళ్లకి ఈ మాట చెప్పి వాళ్ల మొహాలు చూడటం నాకు సరదా. ల్యాబులో రక్తం గొట్టాన్ని గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు నీరు తీసేసి, అడుగున మిగిలిన ఎర్రకణాలని ఉప్పునీళ్లతో మూడుసార్లు కడగడం ఆవిడ పని. ఆ కణాల పొరలో ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో యంత్రం గీతలు గీసి చూపిస్తుంది.

ఒక ఏడాది ఆ ల్యాబు డాక్టరమ్మకి ఒక సందేహం పుట్టింది. ఏళ్ల తరబడి అలసట తీరనివాళ్ల కణాల్లో ఈ కొవ్వులు వేరుగా ఉంటాయా? పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. అలాంటప్పుడు ల్యాబువాళ్లు ఇంట్లోవాళ్లనే పట్టుకెళ్తారు. అమ్మ పిన్నిని తీసుకెళ్లింది.

పిన్ని మాతోనే ఉండేది. అంతకు మూడేళ్ల ముందు జ్వరం వచ్చి తగ్గింది కానీ ఓపిక తిరిగి రాలేదు. తల దువ్వుకుంటూ సగంలోనే చెయ్యి దించి పడుకునేది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఇంకేం, ఒళ్లొంగదని అందరం తేల్చేశాం. నాన్న 'మహారాణి' అని పేరు పెడితే నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫారంలో 'ఏదైనా జబ్బు ఉందా?' అన్నచోట అమ్మే 'లేదు' అని రాసేసింది.

"అక్కా, నాకేం లేదంటావా?"

"నీకేమే, దుక్కలా ఉంటే!"

నెల తర్వాత డాక్టరమ్మ అమ్మని పిలిచింది.

"పదిహేడో నంబరు ఆరోగ్యవంతుల వరసలో ఉంది. గీతలు చూస్తే రోగుల వాటిలా ఉన్నాయి. గొట్టాలు గానీ తారుమారయ్యాయా?"

అమ్మకి కోపం ముక్కుమీదే ఉంటుంది. ఇరవై ఏళ్లలో ఒక్క గొట్టం మారలేదని రిజిస్టరు తెచ్చి, విసురుగా పేజీ తిప్పింది. పదిహేడు పిన్నిది.

"గొట్టం మారలేదండీ," అంది చివరికి. "మనిషినే తప్పు వరసలో పెట్టాను."

"ఒక్క గొట్టంతో ఏదీ రుజువు కాదు. మాకే ఇంకా ఏమీ తెలీదు. అసలు ఆవిడకి ఎలా ఉంటుందో ఎవరైనా అడిగారా?"

అమ్మ మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. రోజూలా "లేవవే" అనలేదు. మంచం పక్కన కింద కూర్చుని కొత్త ఫారం తీసింది.

"ఎలా ఉంటుందో చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తా."

పిన్ని నమ్మలేనట్టు చూసి, మెల్లగా మొదలుపెట్టింది. సగం పేజీకే గొంతు నీరసించింది.

అమ్మ పెన్ను మూసేసింది. "పడుకో. మిగతాది రేపు రాద్దాం."

మూడేళ్లలో ఆమెని పడుకోమన్నది అదే మొదటిసారి.