వదిన గొంతెమ్మ కోరిక

మా ఇంటికి రాకముందే మా వదినకు గయ్యాళి అని పేరొచ్చింది.

తొంభైల్లో మేము సూరత్ శివార్లలోని భేస్తాన్‌లో ఉండేవాళ్లం. తెలంగాణ నుంచి వలసొచ్చిన నాన్న, అన్న అక్కడ మరమగ్గాల మీద పనిచేసేవారు. మా ఇళ్ల వరుసలో ఒక్క ఇంట్లోనే టీవీ. మధ్యాహ్నం ఆడవాళ్లంతా అక్కడే చేరేవారు. ఏ సీరియల్ చూసినా గొంతెమ్మ కోరికల కోడలే. నగలు అడుగుతుంది, వేరు కాపురం అడుగుతుంది, అత్తను ఏడిపిస్తుంది. ఏదీ అడగని పిల్లే మంచిది. పద్నాలుగేళ్ల నేనూ అదే నిజమనుకున్నాను.

అన్నకు దగ్గర్లోని కడోదరాలో మావాళ్ల సంబంధమే చూశారు. అమ్మాయి చీరలకు లేసు కుట్టేది. పెళ్లిచూపుల్లో చాయ్ తాగుతూ నాన్న, "ఏమన్న అడుగుడుంటే అడుగు బిడ్డా" అన్నాడు మర్యాదకు. అలా అన్నంత మాత్రాన ఏ ఆడపిల్లా అడగదు. ఆమె అడిగింది.

"మీ ఇంట్ల లెట్రిన్ ఉన్నదా మామ?"

నాన్న చేతిలో కప్పు ఆగిపోయింది. "మా దిక్కు ఎవ్వరికీ లేదు. అందరు పట్టాల దిక్కే పోతరు."

"నాకు ఇంకేం వద్దు. తలుపున్న లెట్రిన్ కట్టుండ్రి. కట్టినంకనే ముహూర్తం పెట్టుకుందాం."

వాళ్ల నాన్న తల వంచుకున్నాడు కానీ, కూతుర్ని ఆపలేదు. నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. రైలు పట్టాల పక్క తుప్పల్లోకి వెళ్లాల్సి వస్తుందని నేను సాయంత్రం నుంచి నీళ్లు తాగేదాన్ని కాదు. అది నోరు తెరిచి చెప్పుకోదగ్గ కష్టమని నాకు అప్పటిదాకా తోచలేదు.

కబురు మా వరుసంతా పాకింది. టీవీ ఉన్న ఇంటి పెద్దమ్మ, "ఇప్పుడే గిట్లున్నది, రేపు మిమ్ముల బయటికి ఎల్లగొడ్తది. టీవీల చూస్తలేమా" అంది అమ్మతో. అమ్మ ఆ సంబంధం వద్దంది. అన్న ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. ఆ రోజు మాత్రం, "ఆమె అడిగినదాంట్ల తప్పేందమ్మా? చెల్లె రోజూ గట్ల పోతుంటే నాకే సోయి లేకపాయె" అన్నాడు.

మగ్గాలు ఆగే సెలవు రోజుల్లో ఇంటి వెనక గుంత తవ్వడం మొదలుపెట్టాడు. సంగతి తెలిసి ఒకరోజు ఆ అమ్మాయి తన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లికి ముందు అత్తారింటికి రావడమే వింత. వచ్చి, కొంగు బిగించి ఇటుకలు మోసింది. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. మధ్యాహ్నం అమ్మే పిలిచి అన్నం పెట్టింది.

పెళ్లయిన కొన్నాళ్లకు ఆ పెద్దమ్మ కూతురు కాన్పుకొచ్చింది. నెలలు నిండిన పిల్ల, పట్టాల దాకా నడవలేకపోతోంది. పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడి, అడగలేక అడిగింది. అమ్మ లోపలికొచ్చి వదినతో, "అప్పుడు నోటికొచ్చినట్టన్నది గదా" అంది.

"ఆ పిల్ల మనల్ని ఏమన్నది అత్తమ్మా?" అంటూ వదిన బయటికి వెళ్లి, ఆ పిల్లను చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆ ఏడు వానాకాలం దాటాక మా వరుసలో మరో నాలుగిళ్ల వెనక గుంతలు తవ్వారు. మొదటిది పెద్దమ్మ వాళ్లదే. గుంత ఎంత లోతుండాలో, తలుపుకు లోపలి గడియ ఏ ఎత్తులో పెట్టాలో వదినే వెళ్లి చూపించేది. కొలిచే టేపు పట్టుకుని నేను ఆమె వెంట తిరిగేదాన్ని.