ఒంటికెళ్ళాలంటే భయం

ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చింది మూత్రంలో మంట అని. చోడవరంలో నా క్లినిక్‌కి బుచ్చయ్యపేట వైపు నుంచి షేర్ ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళలో ఆ మంట మామూలే. రోజంతా చెరుకు తోటలో పని, చాటు దొరకదు, అందుకని నీళ్ళు తాగరు. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను, నీళ్ళు బాగా తాగాలమ్మా అని.

ఆమె తల దించుకుంది. ముప్పై ఏళ్ళుంటాయి. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. వెంట వచ్చిన అత్తగారు మోచేత్తో పొడిచింది.

"ఒసే, సెప్పవే. ఇక్కడ కూడా సెప్పకపోతే ఇంకెక్కడ సెప్తావు?"

మళ్ళీ తనే అందుకుంది. "ఇది ఒంటికెళ్ళొచ్చిందంటే మనిషి మనిషిలా ఉండదు మేడమ్. మొహం పాలిపోతాది. సెమట్లు. తల పట్టుకుని కూలబడిపోతాది. కాసేపటికి మళ్ళీ మామూలే."

"ప్రతిసారీ ఇంతేనా?" అని కోడలినే అడిగాను.

"ఎక్కువసేపు ఆపుకుంటే మరీను మేడమ్. గుండెలు దడదడలాడిపోతాయి. సచ్చిపోతానేమో అనిపిస్తాది. అందుకే నీళ్ళు తాగడం మానేసేను."

ఏడాదిగా తిరుగుతున్నారట. ఒకరు మైగ్రేన్ అన్నారు, ఒకరు నరాల బలహీనత అని నిద్రమాత్రలిచ్చారు. తోటలో ఏదో చూసి జడుసుకుందని ఊళ్ళోవాళ్ళు తాడు కట్టించారు.

"మా ఆయన నాటకాలంటాడు," అందామె మెల్లిగా.

"ఆడి మాటకేటి! తలుపు బయట నిలబడి సూసింది నేను," అంది అత్తగారు.

ఇలాంటి జబ్బు ఒకటుందని చదువుకునే రోజుల్లో చదివాను. కంటితో చూడలేదు. బీపీ చూస్తే మామూలుగానే ఉంది. నీళ్ళు తాగించి కూర్చోబెట్టాను. వస్తోందనగానే బాత్రూంకి పంపి, బయటికి రాగానే మళ్ళీ చూశాం. రెండు వందలు దాటింది. మెషీన్ పాడైందనుకుని మా సిస్టర్ ఇంకోటి తెచ్చింది. అందులోనూ అంతే. ఆమె చెయ్యి నా చేతిలో మంచుముక్కలా ఉంది. కాసేపటికి బీపీ దానంతటదే దిగింది.

స్కానింగ్‌లో మూత్రాశయం గోడకి చిన్న గడ్డ కనబడింది. మర్నాడు భర్తని కూడా పిలిపించి చెప్పాను. మనం భయపడినప్పుడు ఒంట్లో ఊరే పదార్థమే ఈ గడ్డలోనూ ఊరుతుంది, మూత్రాశయం ముడుచుకున్నప్పుడల్లా అది రక్తంలోకి పొంగుతుంది, అందుకే ఆ దడ అని.

"అయితే నా బుర్రలో ఏటీ నేదా మేడమ్?" అందామె.

"లేదమ్మా."

గడ్డ ఉందని చెప్పినప్పుడు ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. భర్త తలెత్తలేదు. "ప్రాణానికేటీ పర్నేదు కదండీ?" అని మాత్రం అడిగాడు.

ఆపరేషన్ విశాఖలో చేయించాలి. బీపీ అదుపులోకి రాకుండా ఆ గడ్డని ముట్టుకుంటే ప్రమాదం, అందుకని కొన్నాళ్ళు మందులు వాడించి మరీ చేశారు. అన్నాళ్ళూ భర్తే వెంట ఉన్నాడు.

తర్వాత సంగతి అత్తగారు ఫోన్‌లో చెప్పింది. మూత్రానికి వేసిన పైపు తీసేశాక కూడా ఈమె మంచం దిగదట. పొట్ట ఉబ్బిపోయి ఇక ఆగలేని పరిస్థితి వచ్చాక అత్తగారే లోపలికి తీసుకెళ్ళింది. భర్త బయట తలుపు కొడుతూ, "ఏటైందే? ఏటైంది?" అని ఒకటే అరుపు. లోపలేమో అత్తాకోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారట.

"ఏటీ అవనేదు మేడమ్! కాసిన్ని సెమట్లు కూడా పట్టనేదు!" అని ఫోన్‌లో మళ్ళీ నవ్వింది ఆవిడ.

ఇలాంటి గడ్డ మళ్ళీ రావచ్చు కాబట్టి ఏటా పరీక్ష చేయించుకోవాలి. మానకుండా వస్తారు. మొన్న వచ్చినప్పుడు స్కానింగ్ శుభ్రంగా ఉంది, బీపీ బాగుంది.

"భయం పోయిందా?" అని అడిగాను.

"మొత్తం పోనేదు మేడమ్. వెళ్ళే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం గోడ పట్టుకుంటాను. ఎందుకో తెలీదు, సెయ్యి దానంతటదే ఎలిపోతాది."

దానికి నా దగ్గర మందు లేదని చెప్పాను. అక్కర్లేదంది.