మాల విప్పని మహిపాల్

మట్టెవాడలో పవర్‌లూమ్ నడిపే మహిపాల్, పెళ్లాడక దేవుడికే అంకితమవుతానని మొక్కుకున్నాడు. కార్తీకంలో అయ్యప్ప మాల, అది తీయగానే శివమాల, ఆ తర్వాత హనుమాన్ మాల. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. అయినా కళ్లు మూస్తే దేవుడికన్నా ముందు ఎదురింటి యమునే కనబడుతుంది. నిన్న ఆమే వచ్చి నిలబడితే మగ్గం ఆపాడు.

"రేపు నర్సంపేటోళ్లు లగ్గం ఖాయం చేసుకోను వస్తాండ్లు. నీ మెడల ఇంతమంది దేవుండ్లకు జాగ ఉన్నది, నాకు లేదా? యమునా అని ఒక్కపారి పిలువు, ఇంట్ల వద్దని చెప్త."

మాలలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందరినీ పిలిచినట్టే పిలిచాడు.

"పైలంగ పో, మాతా."

ఆమె వెళ్లిపోయాక మగ్గం నడిపాడు. ఆ మోతలో ఎవరికీ వినబడదని, పొద్దుగూకేదాకా ఆమె పేరు అరుస్తూనే ఉన్నాడు.