ఎండలో నిలబెట్టిన జీపు

నా కొడుకు పోయిన సంగతి నాకన్నా ముందు ఉస్తాద్‌కి తెలిసింది.

తెల్లారి డ్యూటీకి లేపబోతే క్యాంపు గదిలో వాడు లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. గదిలోవాళ్లు వాడి ఫోను తీసి, చివరగా మాట్లాడిన నంబరుకి చేశారు. అది నాది కాదు, ఉస్తాద్‌ది. వాడికి పని నేర్పిన మెకానిక్ ఆయన. దోహాలో, మదీనత్ ఖలీఫా పేటలో నేను వంట చేసే ఇంటికి వచ్చి, గేటు దగ్గర నిలబడి, "అక్కా, జర కూసో" అన్నాడు. ఆ మొహం చూడగానే నాకు అర్థమైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపుకన్నా ముందు నాలో ఒక మంట లేచింది. ఈ కబురు కూడా నీకే ముందా అని.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇక్కడి మన తెలుగువాళ్లు వాడి గురించి నాలుగు మాటలు రాసిమ్మంటే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

వాడికి ఎనిమిదేళ్లప్పుడు నేను ఈ దేశం వచ్చాను. వాణ్ణి మా అక్క పెంచింది. వాడు ఆమెని అమ్మ అనేవాడు, నన్ను దోహా అమ్మ అనేవాడు. ఫోనులో ఆ మాట విన్నప్పుడల్లా మా అక్క మీద ఒళ్లు మండేది. నా బిడ్డకి నీళ్లు పోసి, జ్వరమొస్తే పక్కన పడుకున్న మనిషి మీద! అయినా మండేది. ఇరవై మూడేళ్లకి వాడు ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ పనికి వచ్చాడు. ఇక వీడు నావాడే అనుకున్నాను.

గ్యారేజీలో ఉస్తాద్ ఉన్నాడు. నిజామాబాద్ వైపు మనిషి. బళ్లలో కరెంటు పని ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు. నా చేతి చేపల పులుసు తింటూ మావాడు "ఉస్తాద్ ఇలా అన్నాడు, ఉస్తాద్ అలా చేశాడు" అనేవాడు. "పులుసు ఎలా ఉందో చెప్పరా ముందు" అంటే, "బావుందమ్మా. ఉస్తాద్‌కి కాస్త డబ్బాలో పెట్టు" అనేవాడు. పెట్టేదాన్ని. ముల్లు ఎక్కువున్న ముక్కలు ఏరి మరీ పెట్టేదాన్ని.

ఉన్న ఒక్క సెలవు, శుక్రవారం కూడా గ్యారేజీ చుట్టూనే తిరుగుతున్నాడని నేనొక ఎత్తు వేశాను. నేను వంట చేసే ఇంటి పెద్దాయనకి, మేము బాబా అంటాం, కుర్రతనం నాటి పాత ఇంగ్లీషు జీపు ఒకటి ఉంది. చలికాలంలో ఎడారికి వేసుకెళ్లేవారట. వాకిట్లో గుడ్డ కప్పి పడి ఉండేది. "బాబా, మావాడు మెకానిక్, బాగు చేస్తాడు" అన్నాను. శుక్రవారాలు నా కళ్ల ముందే ఉంటాడని ఆశ.

వచ్చాడు. వెనకాలే ఉస్తాద్ కూడా వచ్చాడు.

జీపుని మూల నుంచి ఎండలోకి తోసి నా వంటింటి కిటికీకి ఎదురుగా నిలబెట్టారు. గుడ్డ తీస్తే రెండు గుండ్రటి కళ్లేసుకుని సవతిలా నన్నే చూసింది. ఆ రోజు నుంచి శుక్రవారమంతా మావాడి తల దాని బానెట్ కిందే. గురుశిష్యులు ఏదో మాట్లాడుకుని నవ్వుకునేవారు. నేను కిటికీ లోపల ఉల్లిపాయలు తరిగేదాన్ని. ఏడుస్తున్నానో లేదో నాకే తెలిసేది కాదు.

ఇంజను ఆపకుండా జీపు నిలబెడితే లైట్లు మసకబారిపోతాయని బాబా బాధ. మావాడు నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. "దీంట్లో డైనమో ఉందమ్మా. ఇంజను జోరుగా తిరిగితేనే కరెంటు ఇస్తుంది. నిదానమైతే చేతులెత్తేస్తుంది. అది తీసేసి ఆల్టర్నేటర్ పెడతాం. అది బండి నిలబడి ఉన్నా ఇస్తుంది." ఆగి, నా మొహం చూసి, "నువ్వు కూడా డైనమోవే. పరుగులు పెడుతుంటే వెలిగిపోతావు, కూర్చోబెడితే మొహం మాడ్చుకుంటావు" అన్నాడు. గరిటె తీసుకుని తరిమాను.

వాడికో అలవాటు. దేన్నైనా బొటనవేలితో నొక్కి చూస్తాడు. మామిడిపండు, చపాతీ ముద్ద, టైరు. ఒకసారి నా పాదం నొక్కి, పడిన గుంట తిరిగి లేవకపోతే, "వాచింది. ఎక్కువసేపు నిలబడకే" అన్నాడు. అంతలోనే ఉస్తాద్ పిలిచాడు. పానా పట్టుకుని పరిగెత్తాడు. నా పాదం అలాగే చాపి ఉంది.

ఒక శుక్రవారం వాకిట్లో పొగ లేచింది. ఆ పాతబళ్లలో బ్యాటరీ ప్లస్సుని బండి ఒంటికి కలుపుతారట. ఆల్టర్నేటర్‌కి అది తిరగేసి, మైనస్సుని కలపాలట. మావాడు తొందరలో తిరగెయ్యకుండానే కలిపేశాడు. స్క్రాప్‌లో వెతికి తెచ్చుకున్న ఆల్టర్నేటర్ మాడిపోయింది. మీతో అబద్ధం ఎందుకు, నాకు సంతోషమేసింది. ఇప్పుడు తిడతాడు, వీడికి రోషమొస్తుంది, నా దగ్గరికొస్తాడు అనుకున్నాను. ఉస్తాద్ మాడినదాన్ని వాసన చూసి నవ్వాడు. "నాది గూడ మొదటిది గిట్లనే కాలింది బేటా. బండి కాలలే, దేవునికి షుకర్ చెయ్యి. ఇంకోటి దేవులాడుదాం." మావాడు ఆయన భుజం మీద తల పెట్టి నవ్వాడు. నేను టీ కప్పులు కాస్త గట్టిగానే పెట్టి లోపలికొచ్చేశాను.

ఆఖరి శుక్రవారానికి రెండో ఆల్టర్నేటర్ బిగించాడు. బ్యాటరీ కూడా తిరగేశాడు. మిగిలింది, ఇంజనుతో దాన్ని తిప్పే బెల్టు ఒక్కటే. షాపులన్నీ తిరిగి సరిపడే సైజు కొనుక్కొచ్చి, టైము లేక నా చేతికిచ్చాడు. "ఎండ తగలకుండా దాచమ్మా. వచ్చే వారం వేసేస్తా. లైట్లు చూద్దువుగాని." చింతపండు డబ్బా వెనకాల పెట్టాను. మంగళవారం తెల్లారి ఉస్తాద్ గేటు దగ్గరికొచ్చాడు.

వాణ్ణి ఊరు తీసుకెళ్లాను. దినకార్యాలు అయ్యాక తిరిగొచ్చేశాను. ఆ ఇంట్లో ప్రతి గోడా మా అక్క జ్ఞాపకం, నాది కాదు. నాకు వాడు తెలిసింది ఈ వాకిట్లోనే.

ఉస్తాద్ మళ్లీ రావడం మొదలుపెట్టాడు. "అక్కా, బెల్టు ఒక్కటే మిగిలింది. వాడు కొన్నదేడ పెట్టిండో ఎర్కేనా?" నాకు తెలియదన్నాను. రెండో శుక్రవారం వచ్చి బానెట్ తుడిచి వెళ్లాడు. నేను టీ ఇవ్వలేదు. మూడోసారి నోరు జారాను. "బెల్టే కదా, కొత్తది కొని వేసుకోండి. నా కొడుకు పని మీరే పూర్తి చేసి పేరు తెచ్చుకోండి."

ఆయన కోప్పడలేదు. "షాపుల దొరుకుతది అక్కా. గాని వాడు కొన్నది ఉండంగ నేను వేరేది ఎట్ల ఏస్త?" అన్నాడు. తలపాగా గుడ్డతో మొహం తుడుచుకుని, "ఈ బండినన్న గోడ నీడకు తోద్దాం రా. వాడున్నన్ని దినాలు నన్ను ఎండల మాడ్చిండు" అన్నాడు.

"ఎండలో పెట్టింది మీరే కదా?"

"నేనా? నేను రెండుసార్లు నీడకు తోసిన. వాడు మళ్ల తిప్పి, మొఖం ఇటు జేసి పెట్టెటోడు. ఏందిరా అంటే, తలకాయ లేపి నీ కిటికీ దిక్కు చూసుడు, మళ్ల పని చేసుడు. నేను నవ్వుకునెటోన్ని."

నేను లోపలికి వెళ్లి చింతపండు డబ్బా పక్కకి జరిపాను.

బెల్టు చూసి ఆయన చెయ్యి చాపలేదు. "నువ్వే ఎయ్యి" అని పక్కకి జరిగాడు. ఎక్కడ తగిలించాలో వేలితో చూపించాడు. ఇనుప కమ్మీ పెట్టి ఆల్టర్నేటర్‌ని వెనక్కి లాగి పట్టుకుని, "నొక్కి చూడు. బొటనవేలుతోని. జరంత లోపలికి పోవాలె, ఎక్కువ పోవద్దు" అన్నాడు. నొక్కాను. కొంచెం దిగి, తిరిగి లేచింది.

అసూయ పోయిందని చెప్పను. వాడు ఆయనతో గడిపిన గంటలు ఆయన దగ్గరే ఉన్నాయి, నాకు రావు. కానీ ఆయన టీలో ఆ రోజు యాలకులు దంచి వేశాను.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక బాబా కర్ర పట్టుకుని బయటికొచ్చి, "ఖలాస్?" అని అడిగారు. ఉస్తాద్ ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు వేసి, జోరు పూర్తిగా తగ్గించేశాడు. ఇంజను నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా కొట్టుకుంటోంది. నేను వెళ్లి ముందు చక్రం పక్కన, వాడు నిలబడే చోట నిలబడ్డాను. బానెట్ కింద తల వంచి, పైకెత్తాను.

ఎదురుగా నా వంటిల్లు. కిటికీ నిండా వెలుతురు. పొయ్యి, మేకుకి నా తువ్వాలు, ఉల్లిపాయల బుట్ట, నేను నిలబడే చోటు, అన్నీ కనిపిస్తున్నాయి. బండి కదలడం లేదు. వెలుతురు తగ్గడం లేదు.