అడగమన్నారు, అడిగాను

అత్తరు వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాళ్లు లాగుతాయి. నిజాం కాలంలో, నారాయణఖేడ్ బడిలో మా పెద్దసారు అత్తరు పూసుకొని వచ్చి, పైతరగతి పిల్లలమైన మమ్మల్ని కాలేజీకి తయారు చేసేవాడు.

"కాలేజీల ఎవడూ నోట్ల పెట్టడు. అడిగి నేర్చుకోవాలె. రోజుకొకటి అడుగుండ్రి," అన్నాడు.

నేను నమ్మాను. "ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. మన పాఠం తెలుగుల ఎందుకుండదు సార్?"

"మాట వాపస్ తీస్కో. లేకుంటే కాలేజీకి సిఫారసు చెయ్య. ఎక్కు బెంచీ."

ఎక్కాను. కిటికీలోంచి ఊరు బాగానే కనిపించింది. బడి విడిచేదాకా దిగలేదు.

"ఇగనన్న తీస్కుంటవారా?"

"తీస్కోను సార్. మీరే అడుగుమంటిరి."

ఆయన తల పట్టుకున్నాడు. "సిఫారసు చేస్త, పోరా. ఆ కాలేజీ సార్ల తలలు తిను."

అది మెచ్చుకోలనుకొని ఇంటిదాకా ఛాతీ విరుచుకొని నడిచాను. పెద్దయ్యాక అసలు అర్థం తెలిసింది. అయినా నా అభిప్రాయం మార్చుకోలేదు.