మంట పుట్టని మచ్చలు

నాకు తొలిచూలు. ఐదో నెల కడుపుతో మా ఆయనతో, అత్తతో కలిసి ప్రత్తిపాడు వైపు మిరపకోతలకు వెళ్తున్నాను. ఒకరోజు అరచేతుల నిండా ఎర్రటి మచ్చలు కనిపించాయి.

"కారానికే. కొబ్బరినూనె రాసుకో, పోద్ది" అంది అత్త.

"మంట లేదత్తా."

"మొద్దుబారిన చేతులకి మంటేం తెలుసుద్దే!"

అప్పటికే ఊళ్లో నర్సమ్మ రక్తపరీక్షకు రమ్మని కబురు చేస్తూనే ఉంది. కోతలయ్యాక చూద్దామన్నాడు మా ఆయన. ఈలోగా మచ్చలు వాటంతటవే పోయాయి. అత్త మాటే నిజమనుకున్నాను.

ఎనిమిదో నెలలో కడుపులో కదలిక ఆగిపోయింది. గుంటూరు ఆస్పత్రిలో పుట్టిన బాబు ఏడవలేదు. డాక్టరమ్మ నా రక్తం పరీక్ష చేయించి సిఫిలిస్ అంది. మొగుడి నుంచి పెళ్లానికి, తల్లి నుంచి బిడ్డకి అంటుకుంటుందట. మచ్చల సంగతి చెప్పాను.

"అప్పుడే వచ్చుంటే ఇంజెక్షన్‌తో బిడ్డ దక్కేవాడమ్మా. మీ ఆయన కూడా వేయించుకోవాలి, లేకపోతే నీకు మళ్లీ అంటుకుంటుంది."

నేను వేయించుకున్నాను. మా ఆయన మాత్రం వార్డు గుమ్మంలో నిలబడి, "నీకు రోగమొస్తే నాకెందుకే సూది?" అని అరిచి వెళ్లిపోయాడు. పక్క మంచాల వాళ్లంతా నావంకే చూశారు. అత్త కూడా. పాలు పొంగి తడిసిన జాకెట్టు మీద కొంగు కప్పుకుని గోడవైపు తిరిగాను.

ఈ ఏడు మళ్లీ కోతలు. మళ్లీ కడుపు, మూడో నెల. నర్సమ్మ దగ్గరికి నేనే వెళ్లి రక్తం ఇచ్చొచ్చాను. ఆయన ఇప్పటికీ సూదికి రానంటాడు.

పొద్దుగూకేసరికి చేతులు కడుక్కుని అరచేతులు చూసుకుంటాను. భగభగ మండుతుంటేనే ప్రాణం కుదుటపడుతుంది.