కోపంతో కొట్టిన పాట

బస్ డిపోలో బ్రేకులు బాగుచేసే ఆ మెకానిక్‌కి కోపం కొత్తేమీ కాదు. పన్నెండేళ్లుగా సాయంత్రాలు బావమరిది రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తున్నాడు. వాళ్లవన్నీ మండిపడే పాటలే. డిపోలో నోరు మూసుకుని మింగిందంతా అక్కడ కక్కేసి, ఇంటికెళ్లి భార్య పెట్టింది కడుపునిండా తినేవాడు.

ఎనిమిది నెలల క్రితం ఆ భార్య ఛాతీ పట్టుకుని కూలబడింది. ఆసుపత్రిలో డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే గ్యాస్ నొప్పని తేల్చేసి, మాత్రలిచ్చి పంపాడు. తెల్లారేసరికి ఆమె లేదు. ఫిర్యాదు పట్టుకుని ఎన్ని గుమ్మాలెక్కినా, ఆ పెద్దమనిషిని ఎందుకిలా చేశావని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఆమె పోయిన నెలలోనే కొత్త ఆల్బమ్ రికార్డింగు. వాళ్ల పద్ధతిలో ముందు డ్రమ్ములు, మాటలు ఆనక. హెడ్‌ఫోన్లో టిక్కుటిక్కుమనే తాళం తప్ప ఇంకేమీ వినపడదు. అతను కళ్లు మూసుకుని ఆ డాక్టరును తలుచుకున్నాడు. నాలుగు నిమిషాలు ఒళ్లు తెలియకుండా బాదాడు. రెండు పుల్లలు విరిగాయి. దీనికి మాటలేం రాస్తావని బావమరిదిని అడగలేదు. అడగడానికేముంది, పన్నెండేళ్లుగా తిట్లేగా రాస్తున్నాడు! అక్కడే పొరబడ్డాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాట పూర్తిగా విన్నాడు. తన దెబ్బల మీద బావమరిది గొంతు: కిటికీలు తెరువు, వెలుగొస్తోంది, మళ్లీ నవ్వుదాం. ఆల్బమంతా అదే వరస. మనిషన్నాక సిగ్గుండక్కర్లేదా?

"తీసెయ్‌రా!" అని హెడ్‌ఫోన్లు విసిరికొట్టాడు. "నా వాయింపు తీసెయ్. మీ అక్క పోయి ఏడాది తిరగలేదు, నీకప్పుడే వెలుగొచ్చిందా?"

"నువ్విలా అంటావనే ముందే వేరేవాడితో వాయింపించి చూశా బావా. సబ్బు ప్రకటనలా ఉంది."

"ఉండనీ! నాకేంటి?"

"నన్ను ఎత్తుకు పెంచింది బావా అక్క. తిట్లు రాసి రాసి నిద్రే పట్టట్లేదు. ఇంకో ఏడాది ఇలాగే పాడితే నేనూ పోతా. నువ్వు కొట్టింది వింటేనే ఆ మాటలొచ్చాయి. ఇంత కోపం మిగిలిందంటే మనమింకా చావలేదన్నమాటే అనిపించింది."

అతనికి ఇంకా ఒళ్లు మండింది. గదిలో అటూ ఇటూ తిరిగాడు. బావమరిది కళ్ల కింద నల్లగా గుంటలు పడి ఉండటం అప్పుడే చూశాడు.

"నువ్వేమైనా పాడుకో," అన్నాడు చివరికి. "నా దెబ్బ మాత్రం నీ గొంతుకన్నా గట్టిగా వినపడాలి. ఒక్కటి తగ్గించావో, నీ గిటారు నీ నెత్తినే పగలగొడతా."

"అలాగే బావా."

ఆల్బమ్ వచ్చింది. డిపోలో ఎవరి ఫోన్లో చూసినా ఆ పాటే. ఫోర్‌మన్ వచ్చి వీపు తట్టాడు.

"ఏం హుషారయ్యా! నీ వాయింపు వింటుంటే లేచి గంతులెయ్యాలనిపించింది."

అతను స్పానరు కింద పెట్టాడు. అప్పటికే ఆ మాట నలుగురన్నారు. వాళ్లకు చెప్పిందే ఇతనికీ చెప్పాడు.

"హుషారు కాదండీ. కోపం."

"పాట సంతోషంగానే ఉందిగా?"

"పాట మా బావమరిదిది. కోపం నాది. ఇంకా తీరలేదు."